పెరటి కోడి, ప్రాణహిత రాకాసి బల్లి: ఎముకలు చెప్పే చరిత్ర



కనుమ నాటి విందు ముగిసిన తరువాత మా మనుమడు కంచంలో మిగిలిన ఒక చిన్న ఎముకను చేతికి తీసుకుని, "తాతయ్యా, ఇది అచ్చం పంగలకర్రలా ఉందే! కోడికి ఇది దేనికి?" అని అడిగాడు. అది కోడి మెడకు దిగువన రెండు భుజాలనూ కలుపుతూ ఉండే ఎముక. మనకు కుడి ఎడమల విడివిడిగా ఉండే జత్రుకలు పక్షిలో ఒకటిగా అతుక్కుని ఆ రూపం దాల్చాయి. ఇదే ఎముక కోట్ల ఏళ్ల కిందట నేలమీద తిరిగిన కొన్ని రాకాసి బల్లులకు కూడా ఉండేదని వాడికి చెప్పాను. "అయితే మనం ఇప్పుడు తిన్నది రాకాసి బల్లినా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. వాడు అన్నదానిలో శాస్త్రరీత్యా పెద్ద తప్పేమీ లేదు.

ఆ రాత్రి నాకు మరొక ప్రశ్న కూడా జ్ఞాపకం వచ్చింది. సుమారు ముప్పై ఏళ్ల కిందట ఒక లంక గ్రామపు తల్లి ఆసుపత్రి వరండాలో నిలబడి నన్ను అడిగిన ప్రశ్న అది. ఆనాడు నా వద్ద జవాబు లేదు. పిల్లవాడి ప్రశ్నకూ ఆ తల్లి ప్రశ్నకూ సమాధానం ఒకే చోట, అంటే పాతకాలపు ఎముకల్లోనే, ఉన్నదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఈ వ్యాసం ఆ రెండింటికీ కలిపి నేను ఇస్తున్న జవాబు.

వైనతేయ ఒడ్డున నిలబడి

మన కోనసీమ గోదావరి పాయల నడుమ ఏర్పడిన నేల. రాజోలు వైపు వశిష్ఠ, వైనతేయల మధ్య ఒక దీవి. అమలాపురం వైపు వైనతేయ, గౌతముల మధ్య మరొక దీవి. వైనతేయుడంటే వినత కుమారుడైన గరుత్మంతుడని మీకు తెలుసు. వినత, కద్రువ అక్కచెల్లెళ్లు. కద్రువ సంతానం సర్పాలు, వినత సంతానం అనూరుడు, గరుడుడు. ఇద్దరి బిడ్డలకూ తండ్రి కశ్యపుడే. పాములనూ పక్షినీ ఒకే తండ్రి బిడ్డలుగా ఊహించిన కథ మన నది పేరులోనే నిలిచి ఉన్నది. పురాణంలో విజ్ఞానశాస్త్రం ఉన్నదని నేను చెప్పబోవడం లేదు. పురాణం పురాణమే. అయితే సరీసృపాలకూ పక్షులకూ చుట్టరికం ఉన్నదన్న మాట మన చెవికి మరీ కొత్త కాదని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను.

మరి కోనసీమలో రాకాసి బల్లుల ఎముకలు దొరుకుతాయా? కొత్తపేట కొబ్బరితోటలోనో, మామిడికుదురు చేలోనో ఎంత తవ్వినా దొరకవు. కారణం చాలా సులువు. మన కాళ్ల కిందనున్న ఒండ్రుమట్టి గోదావరి గత కొన్ని వేల ఏళ్లలో మోసుకొచ్చి పరచినది. రాకాసి బల్లులు గతించి దాదాపు 6.6 కోట్ల ఏళ్లయింది. వాటి వయసుతో పోలిస్తే మన నేల నిన్న పుట్టిన పసికందు.

కాని అదే నేలను కిలోమీటర్ల లోతుకు తొలిచినప్పుడు కథ మారుతుంది. చమురు, సహజవాయువు కోసం ఓఎన్‌జీసీ వారు కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్విన బావులలో, అడుగున ఎక్కడో గడ్డకట్టిన లావా పొరలు తగిలాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? 'రాజోలు ఫార్మేషన్'. దాని మీద ఉన్న పొర పేరు 'పాలకొల్లు షేల్'. మనం బస్సుబోర్డుల మీద చదివే ఊళ్ల పేర్లు భూమి చరిత్ర పుస్తకంలో అధ్యాయాల పేర్లయ్యాయి.

ఆ లావా ఇక్కడ పుట్టినది కాదు. పడమటి దిక్కున దక్కను పీఠభూమిని కప్పివేసిన మహా అగ్నిపర్వత విస్ఫోటాలలో వెలువడి, ప్రాచీన నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రవహించి తూర్పు సముద్రాన్ని చేరినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు వైపునా, అవతలి ఒడ్డున గౌరీపట్నం, దుద్దుకూరు వైపునా నల్లరాయి క్వారీలలో ఆ లావాను పగటి వెలుగులో చూడవచ్చు. మన రోడ్ల మీద పరచిన కంకరలో కొంత అదే. లావా పొరకూ పొరకూ మధ్య సముద్రజీవుల గుల్లలున్న సున్నపురాయి పొర ఉంటుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఆ మధ్య పొరలోని సూక్ష్మ శిలాజాలను, తరువాత ఓఎన్‌జీసీ బావుల నమూనాలను పరిశీలించి, రాకాసి బల్లుల అంతంతో ముడిపడిన మహావినాశనానికి ఈ లావా వెల్లువకూ కాలం సరిపోతున్నదని వాదించింది. మెక్సికో తీరాన పడిన పెద్ద ఉల్కే ప్రధాన కారణమన్నది ఎక్కువమంది మాట. వాటాల లెక్క ఇంకా తేలలేదు. ఏమైనా, ఆ వినాశనానికి సాక్ష్యం చెప్పే రాళ్లలో కొన్ని మన రాజోలు కింద ఉన్నాయి.

నదికి ఎగువన

అంతానికి సాక్ష్యం మన దగ్గర ఉంటే, ఆరంభానికి సాక్ష్యం అదే నదికి ఎగువన ఉన్నది. మన కాలువల్లో పారే నీటిలో ఒక పెద్ద వాటా ప్రాణహితది. కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ఆ నది లోయలో మూడు నాలుగు యుగాల శిలలు వరుసగా బయటపడి ఉన్నాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి గ్రామం పేరిట ఉన్న శిలల వయసు 20 కోట్ల ఏళ్లకు పైమాటే. సిరోంచ సమీపంలోని కోట గ్రామం పేరిట ఉన్న శిలలు వాటికంటే చిన్నవి, సుమారు 18 కోట్ల ఏళ్లవి.

భారతీయ గణాంక శాస్త్ర సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు ఈ రాళ్ల మీద ఆసక్తి కలిగింది. లెక్కల సంస్థలో భూగర్భ పరిశోధన విభాగాన్ని పెట్టి, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను 1957లో రప్పించారు. ఆమె దగ్గర తయారైన యువకులు ప్రాణహిత లోయలో పోచంపల్లి గ్రామం దగ్గర ఒకే చోట సుమారు 300 ఎముకలు వెలికితీశారు. ఇది చీరలకు పేరుపడిన పోచంపల్లి కాదు, వేరే ఊరు. ఆ ఎముకలు కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్లు, అంటే నిలబెడితే నిండు మనిషి ఎత్తు. అక్కడే రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా దొరికాయి. వరద ఉద్ధృతికి మాన్లూ మందా కలిసి కొట్టుకొచ్చి ఒకచోట చేరాయని ఆ స్థలాన్ని అధ్యయనం చేసినవారి అంచనా. గోదావరి వరదలు చూసిన మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

1975లో ఆ జంతువుకు 'బరపాసారస్ టాగోరై' అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రనాథ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కనుక ఆయన పేరు చేర్చారు. ఆ అస్థిపంజరం కోల్‌కతాలో ఉన్నది.

మరో పెద్ద ప్రాణి పూర్తిగా మన తెలుగువారి కృషి ఫలితం. హైదరాబాదులో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి గారు యామన్‌పల్లి గ్రామం దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించి 1988లో 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. అక్కడ దొరికినవి 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది ఈ కోటసారస్ అస్థిపంజరమే. మీరు పిల్లలను బిర్లా మందిరానికి తీసుకువెళ్లినప్పుడు పక్కనే ఉన్న ఆ మ్యూజియానికి కూడా ఒక గంట కేటాయించమని నా మనవి.

తొలి చదువరులు వైద్యులే

ఒక వైద్యుడు రాళ్ల గురించి ఎందుకు రాస్తున్నాడని మీరు అనుకోవచ్చు. నిజానికి ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో చాలామంది మా వృత్తివారే. 1825లో ఇగ్వానోడాన్ అనే రాకాసి బల్లిని లోకానికి పరిచయం చేసిన గిడియన్ మాంటెల్ ఇంగ్లండులోని లూయిస్ పట్టణంలో రోగులను చూసుకునే మామూలు వైద్యుడు. దొరికిన ఒక కోసుగా ఉన్న ఎముకను ఆయన ముక్కు మీది కొమ్ము అనుకున్నాడు. అది ముందుకాలి బొటనవేలి ముల్లు అని తరువాత బెల్జియంలో పూర్తి అస్థిపంజరాలు దొరికాక తేలింది. 1841లో గుర్రపుబండి ప్రమాదం తరువాత మాంటెల్ వెన్ను దెబ్బతిని, జీవితాంతం తీవ్రమైన నొప్పితో బాధపడ్డాడు. 1852లో ఆయన మరణించాక వంకర తిరిగిన ఆయన వెన్నెముక భాగాన్ని లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ మ్యూజియంలో చాలాకాలం భద్రపరిచారు. జీవితమంతా ఎముకలు చదివిన మనిషి చివరకు తానే ఒక నమూనా అయ్యాడు.

1842లో 'డైనోసార్' అన్న మాటకు మూలమైన పేరును సృష్టించిన రిచర్డ్ ఓవెన్ కూడా శస్త్రవైద్యుల దగ్గర శిష్యరికం చేసినవాడే. మన దేశంలో జబల్‌పూర్‌లో 1828లో స్లీమన్ తొలి ఎముకలు సేకరించిన తరువాత అక్కడ తవ్వినవాడు స్పిల్స్‌బరీ అనే సివిల్ సర్జన్. ఇక థామస్ హెన్రీ హక్స్‌లీ బ్రిటిష్ నౌకాదళంలో సహాయ వైద్యుడిగా పనిచేశాడు. మాలేరి శిలల్లో దొరికిన ముక్కుమూతి సరీసృపం ఒకదానికి ఆయన పేరే పెట్టారు, హైపరోడాపెడాన్ హక్స్‌లీయి అని. ఈ హక్స్‌లీయే 1868 ప్రాంతంలో, పక్షి వెనుకకాలినీ రాకాసి బల్లి వెనుకకాలినీ పక్కపక్కన పెట్టి చూసి, ఈ రెండూ దగ్గరి బంధువులని బహిరంగంగా వాదించాడు.

ఎక్స్‌రే చూసే వైద్యుడు చేసే పని ఏమిటి? సాధారణ ఎముక ఎలా ఉంటుందో తెలిసి ఉండటం, ఎదుట ఉన్నది దాని నుంచి ఎక్కడ తేడాగా ఉన్నదో గుర్తించడం, ఆ తేడాకు కారణం వెదకడం. శిలాజం చదివేవాడు చేసేదీ అదే. కాకపోతే అతడి రోగి మాట్లాడడు, కోట్ల ఏళ్ల కిందటే పోయాడు.

పెరటి కోడిలో ఏముంది?

ఈసారి ఇంట్లో కోడిని కోసినప్పుడు మీరే పరిశీలించండి. ముందుగా మా మనుమడు పట్టుకున్న పంగలకర్ర ఎముక. దీనిని ఫర్క్యులా అంటారు. డెన్మార్కుకు చెందిన గెర్హార్డ్ హైల్మన్ 1926లో ఇంగ్లీషులో వెలువడిన తన గ్రంథంలో పక్షులు అన్ని విధాలా రాకాసి బల్లులను పోలి ఉన్నాయని ఒప్పుకుంటూనే, 'రాకాసి బల్లులకు జత్రుకలు లేవు, ఒకసారి పోయిన ఎముక మళ్లీ రాదు, కనుక పక్షులు వాటి నుంచి పుట్టలేదు' అని తేల్చాడు. ఆ ఒక్క వాదంతో హక్స్‌లీ మాట దశాబ్దాల పాటు మూలపడింది. తమాషా ఏమిటంటే, అప్పటికే మంగోలియాలో దొరికిన ఒక రాకాసి బల్లిలో ఆ ఎముక ఉన్నది. దానిని మరో ఎముకగా పొరబడ్డారు. తరువాత టైరనోసారస్‌తో సహా ఎన్నో మాంసాహార రాకాసి బల్లులలో ఆ పంగలకర్ర కనిపించింది. 'లేదు' అన్న మాట చాలాసార్లు 'మేము సరిగా చూడలేదు' అన్న మాటకు మారుపేరు. ఈ వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి.

1964లో జాన్ ఆస్ట్రమ్ అమెరికాలోని మోంటానాలో డైనోనికస్ అనే చురుకైన వేటజంతువును కనుగొన్నాడు. దాని మణికట్టులో అర్ధచంద్రాకారపు ఎముక ఒకటి ఉన్నది. పక్షి రెక్క ముడవగలిగేది అటువంటి ఎముక వల్లనే. 1996లో చైనాలో ఈకలవంటి నూగుతో ఉన్న సినోసారోటెరిక్స్ బయటపడింది. దానితో చాలామంది సందేహం తీరింది.

రెండవది తుంటి కీలు. కోడి తొడను విడదీశాక కీలు గుంటలోకి చూడండి. మన తుంటి గుంటకు అడుగు ఉంటుంది, అది గిన్నెలా ఉంటుంది. కోడికి అడుగు ఉండదు, ఆరపార రంధ్రం ఉంటుంది. రాకాసి బల్లుల గుర్తింపు లక్షణాలలో ఇది ముఖ్యమైనది. బల్లి, తొండ కాళ్లు పక్కలకు చాపి పాకుతాయి. కోడి, కోటసారస్ కాళ్లు ఒంటి కిందకు స్తంభాల్లా నిలుస్తాయి. కనుక 'రాకాసి బల్లి' అన్న మన మాట ముచ్చటైనదే గాని, అవి బల్లులు కావు.

మూడవది ఎముకల బరువు. కోడి రెక్క పైఎముక బోలుగా ఉంటుంది. ఊపిరితిత్తులకు అనుబంధంగా ఉండే గాలిసంచులు దానిలోకి చొచ్చుకుపోతాయి. ఎముకలో గాలి ఏమిటని ఆశ్చర్యపోకండి, మన నుదుటి ఎముకలో, బుగ్గల ఎముకల్లో ఉండే సైనస్‌లు కూడా గాలిగదులే. జలుబు చేసినప్పుడు తల బరువెక్కేది అవి మూసుకుపోవడం వల్లనే. కోటసారస్ తరువాతి కాలపు పొడవుమెడ రాకాసి బల్లుల వెన్నుపూసలలో అచ్చం పక్షి ఎముకల్లో వలె గాలిగుంటలు కనిపిస్తాయి. అంత పెద్ద మెడను మోయగలగడానికి అదొక కారణం.

నాలుగవది గుడ్డు. పెట్టే కోడి తన కాలి ఎముకల లోపల కాల్షియంను ప్రత్యేకమైన పొరగా దాచి, గుడ్డు పెంకు తయారీకి వాడుకుంటుంది. 2005లో మేరీ ష్వైట్జర్ ఒక టైరనోసారస్ తొడ ఎముకలో అటువంటి పొరను గుర్తించింది. 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మధ్యప్రదేశ్‌లోని బాగ్ ప్రాంతంలో గుడ్డులో గుడ్డు ఉన్న రాకాసి బల్లి శిలాజాన్ని ప్రకటించారు. కోళ్లు పెంచేవారు అరుదుగా గుడ్డులో గుడ్డును చూసి ఉంటారు. తయారైన గుడ్డు వెనక్కి మళ్లి, తరువాతి గుడ్డులో చిక్కుకోవడం వల్ల అలా జరుగుతుంది. అది అపశకునం కాదు, ఒక కోశంలో జరిగిన చిన్న పొరపాటు. దాదాపు ఏడు కోట్ల ఏళ్ల కిందట కూడా అదే పొరపాటు జరిగింది.

వెళ్లిన దారినే వెనక్కి వచ్చే నరం

థైరాయిడ్ శస్త్రచికిత్స చేసేటప్పుడు సర్జన్లు ప్రాణంలా కాపాడే నరం ఒకటి ఉన్నది. స్వరపేటికకు వెళ్లే నరం అది. దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. మెదడు నుంచి స్వరపేటికకు దూరం జానెడైనా ఉండదు. కాని ఎడమవైపు నరం స్వరపేటికను దాటి ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద నుంచి చుట్టి, మళ్లీ గొంతుకు ఎక్కి వస్తుంది. ఎందుకు ఈ చుట్టుదారి? మన పూర్వీకులైన చేపలలో మెడ లేదు, గుండె మొప్పల దగ్గరే ఉండేది, అప్పుడది దగ్గరి దారే. మెడ ఏర్పడి గుండె కిందకు జారినా, రక్తనాళం కింద చిక్కుకున్న నరం సాగుతూ పోయింది. కోడిలోనూ, మొసలిలోనూ, జిరాఫీలోనూ ఇదే దారి. ఆ లెక్కన పొడవుమెడ రాకాసి బల్లులలో ఆ నరం మీటర్ల కొద్దీ కిందకు వెళ్లి అంతే పైకి వచ్చి ఉండాలని మాథ్యూ వెడెల్ 2012లో వివరించాడు.

శరీరం కొత్తగా గీసిన నమూనా ప్రకారం కట్టిన ఇల్లు కాదు. తాతల నాటి పెంకుటింటికి తరతరాలుగా గదులు కలుపుకుంటూ పోయినట్టు కట్టినది. కనుక దానిలో ఇరుకు మూలలు, వంకర దారులు ఉంటాయి. మన జబ్బులలో కొన్ని ఆ మూలల్లోనే పుడతాయి.

ఆ తల్లి అడిగిన ప్రశ్న

ఇప్పుడు ఆ లంక గ్రామపు పిల్లవాడి సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్లవాడు. మోకాలి పైన వాపుతో వచ్చాడు. ఆటలో దెబ్బ తగిలిందన్నారు. నేను చేత్తో నొక్కి చూసి, దెబ్బ వాపే అనుకుని నొప్పి మాత్రలు రాసి పంపాను. ఎక్స్‌రే తీయించలేదు. తగ్గకపోయేసరికి వారు ఊళ్లో కట్టు కట్టించారు, నూనెతో మర్దన చేయించారు. రెండు నెలల తరువాత మళ్లీ వచ్చేటప్పటికి వాపు కొబ్బరిబొండమంత అయింది. రాత్రులు నొప్పికి నిద్ర లేదు. అది ఎముక క్యాన్సర్, ఆస్టియోసార్కోమా. పెద్ద ఆసుపత్రికి పంపాము. అప్పటికే అది ఊపిరితిత్తులకు పాకింది. పిల్లవాడు ఏడాది బతకలేదు.

పంపించే రోజున తల్లి అడిగింది: "ఏ జన్మలో ఎవరికి ఏం కీడు చేశానండీ డాక్టరుగారూ, నా బిడ్డకి ఇలా వచ్చింది?"

వినత కథలో, తొందరపడి గుడ్డును ముందే చిదిపినందువల్ల తొడలు లేని అనూరుడు పుట్టాడు. బిడ్డ అవిటితనానికి తల్లి కారణం. కథలో అది చెల్లింది. ఆసుపత్రి వరండాలో చెల్లదు. అయినా ఆమెకు ఏమి చెప్పాలో నాకు తోచలేదు.

2020లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. కెనడాలోని ఆల్బర్టాలో 1989లో సెంట్రోసారస్ అనే కొమ్ముల రాకాసి బల్లి కాలి ఎముక దొరికింది. మోకాలి కింద ఉండే రెండు ఎముకలలో సన్నది. దాని కొస వికృతంగా ఉబ్బి ఉంటే, విరిగి అతుక్కున్న ఎముక అని రాసి దాచారు. దాదాపు ముప్పై ఏళ్ల తరువాత రాయల్ ఒంటారియో మ్యూజియం శాస్త్రజ్ఞులూ, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్యులూ కలిసి దానిని సీటీ స్కాన్ చేశారు, పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూశారు, ఒక యువకుడి క్యాన్సర్ ఎముకతో పోల్చారు. తేలినది ఆస్టియోసార్కోమా. సుమారు 7.6 కోట్ల ఏళ్ల కిందటిది.

నేను ఆ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వారూ దెబ్బ అనుకున్నారు, నేనూ దెబ్బ అనుకున్నాను. తేడా ఏమిటంటే, వారి రోగికి తొందర లేదు.

ఆ జంతువు ఒంటరిగా చావలేదు. తన జాతివాటితో కలిసి పెద్ద మందగా, బహుశా వరదలో, చనిపోయింది. అంత ముదిరిన జబ్బుతో కుంటుతూ ఉన్న జంతువు అంతకాలం బతికిందంటే, మంద మధ్యలో ఉండటం దానికి రక్షణ అయి ఉంటుందని పరిశోధకులు భావించారు.

ఇదొక్కటే కాదు. షికాగో మ్యూజియంలోని 'స్యూ' అనే టైరనోసారస్ చేతి ఎముకలలో గౌట్ గుర్తులను 1997లో వైద్యులు గుర్తించారు. అదే యూరిక్ యాసిడ్ జబ్బు, మన ఊళ్లలో బొటనవేలి వాపుతో రాత్రివేళ లేపేది. పక్షి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ యాసిడే, కోళ్లకు కూడా గౌట్ వస్తుంది. అదే స్యూకి విరిగి అతుక్కున్న పక్కటెముకలున్నాయి. దవడలోని రంధ్రాలు నేడు పావురాలకు వచ్చే ఒక పరాన్నజీవి వ్యాధివంటి దానివల్ల కావచ్చునని కొందరి అభిప్రాయం.

కొమ్ముల బల్లి ఏ జన్మలో ఏ పాపం చేసింది? ఎదిగే ఎముకలో కణాలు వేగంగా విభజన చెందుతాయి. కోట్లాది విభజనలలో ఎక్కడో ఒకచోట నకలు తప్పుతుంది. ఎముక ఉన్నచోట ఆ ప్రమాదం ఉన్నది, మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నది. అది శిక్ష కాదు. తల్లి చేసిన తప్పు కాదు. ఆ తల్లికి నేను ఈ మాట ఆనాడే చెప్పగలిగి ఉండవలసింది. ఇప్పుడు ఆమె ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. కనుక మీకు చెబుతున్నాను.

మీరు గుర్తుంచుకోవలసినవి

పిల్లల కాళ్లనొప్పులలో అత్యధికం ప్రమాదం లేనివే. ఎవరూ భయపడనక్కరలేదు. అయితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలకు మోకాలి దగ్గరో, భుజం దగ్గరో ఒకే చోట నొప్పి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, విశ్రాంతిలోనూ రాత్రివేళలోనూ ఎక్కువవుతుంటే, గట్టి వాపు రోజురోజుకూ పెరుగుతుంటే, కారణం లేకుండా కుంటుతుంటే, వెంటనే ఎక్స్‌రే తీయించండి. దెబ్బ తగిలిన మాట నిజమే అయినా తీయించండి, దెబ్బ చాలాసార్లు ఉన్న జబ్బును మన కంటపడేట్టు చేస్తుంది, అంతే. నిర్ధారణ కాకుండా మర్దన చేయించవద్దు, బిగుతుగా కట్టు కట్టించవద్దు. వైద్యుడు 'ఏమీ లేదు' అన్నా, వాపు తగ్గకపోతే మళ్లీ వెళ్లి అడగండి. అడిగించుకోవడం వైద్యుడికి అవమానం కాదు. నన్ను ఎవరైనా అలా వారం రోజులకే వచ్చి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఈనాడు మందులతోనూ, కాలు తీసివేయకుండానే కణితిని తొలగించే శస్త్రచికిత్సలతోనూ, జబ్బు పాకకముందే వచ్చినవారిలో పదిమందికి ఆరేడుగురు బతికి బయటపడుతున్నారు. కొమ్ముల బల్లికి లేని అవకాశం మన పిల్లలకు ఉన్నది. దానికి కావలసింది ముందుగా చూడటం, సరిగా చూడటం.

మా మనుమడు ఆ పంగలకర్ర ఎముకను కడిగి, ఎండబెట్టి, తన పెన్సిల్ డబ్బాలో దాచుకున్నాడు. వేసవి సెలవులలో వాడిని హైదరాబాదు తీసుకువెళ్లి కోటసారస్ ముందు నిలబెడతానని మాట ఇచ్చాను. అక్కడ ఆ తుంటి గుంటలో రంధ్రం ఉన్నదో లేదో వాడే చూసి నాకు చెప్పాలి.